గాడిద సుంకం

టాడ్బరీ ఊరు మొత్తంలో కర్నల్ ఫేన్ గారిని నమ్మని మనిషి ఒక్కతే. పేరు హెస్టర్ క్రాపర్. భర్త పోయాక చర్చి సందులో చిన్న ఇంట్లో ఉంటూ, ఊళ్లోవాళ్ల బట్టలు కుట్టిపెట్టి బతుకుతోంది. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే, వీడికి నాతో ఏం పని పడిందా అని ఆలోచించే రకం. అది అనుమానం జబ్బని ఊళ్లోవాళ్లు అనేవాళ్లు. జబ్బే అనుకున్నా ఆమె ఒంటికి బాగా సరిపడిన జబ్బు, దానివల్ల ఆమెకి ఎప్పుడూ ఇబ్బంది కలగలేదు.

కర్నల్ నాలుగేళ్ల కిందట వచ్చాడు. ఊరి చివర బంగళా, దాని వెనక నది దాకా పరుచుకున్న గడ్డిమైదానం ముసలి డాంట్సీ దొరసానివి. ఆవిడ పోయాక వారసులు అమ్మేస్తే ఈయన కొనుక్కున్నాడు. వచ్చిన వారంలోనే ఊరు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది. కారణం ఆయన నెత్తిన ఉన్నదే. టీ చల్లారిపోకుండా టీ పాట్‌కి తొడిగే ఊలు తొడుగుని, పైన ఎర్ర కుచ్చుతో సహా, టోపీలా పెట్టుకుని ఆయన బజారుకొచ్చాడు. స్టబ్స్ మాంసం కొట్లో రెండు సాసేజీలు కొని, "వీటి కుటుంబానికి నా ప్రగాఢ సానుభూతి తెలియజేయండి" అన్నాడు. దారిలో ఎదురైన ప్రతి ఆవుకీ సెల్యూట్ కొట్టాడు. వాన పడితే గొడుగు తన గులాబీ మొక్కకి పట్టి, తను తడిసి ముద్దయ్యాడు.

ఊరు పొంగిపోయింది. పక్క ఊరు స్నెలింగ్‌లో ఎప్పటినుంచో ఒక దొరసాని ఉంది. స్నానం తొట్టిలో బాతుల్ని పెంచి, రాత్రిపూట వాటికి వార్తాపత్రిక చదివి వినిపిస్తుంది. ఆవిణ్ణి చూసుకుని స్నెలింగ్ వాళ్లు ఎంత మిడిసిపడేవాళ్లో! టాడ్బరీకి చెప్పుకోడానికి అలాంటివాళ్లు ఒక్కరూ లేకపోయారు. ఇన్నాళ్లకి దేవుడు కరుణించాడు.

"ఇది మన ఇంగ్లీషు జాతి లక్షణం, మిసెస్ క్రాపర్," అని పాదరీ టిల్ గారు చర్చి మెట్ల మీద ఆమెకి వివరించారు. "స్వేచ్ఛ ఉన్నచోటే మనిషి తన తిక్కని తను పెంచుకోగలడు. ఫ్రెంచివాళ్లకి వంట ఉంది, జర్మన్లకి క్రమశిక్షణ ఉంది. మనకి ఇదుంది. మన రక్తంలోనే ఉంది."

"మా నాన్న రక్తంలోనూ ఉండేదండీ. మరి ఆయన్ని రాళ్లెట్టి ఎందుకు కొట్టారు?"

వానొచ్చేలా ఉందని పాదరీ గారికి సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది.

హెస్టర్ నాన్న జేబెజ్ బండి చక్రాలు చేసే వడ్రంగి. గడ్డిమైదానం అవతలి చివర, నది ఒడ్డున పాత మిల్లు పక్కనున్న ఇల్లు ఆయనది. చర్చిలో బెంచీలు చేసినవాడికి పనితనం లేదనీ, దేవుడి ముందు బెంచీ విరిగి తను కిందపడితే నామర్దా అనీ ఆయన నమ్మకం. అందుకని ప్రతి ఆదివారం తను చేసుకున్న కుర్చీని నెత్తిన పెట్టుకుని, మైదానం దారిలో నడిచి చర్చికి వచ్చేవాడు. ప్రార్థన అయ్యాక మళ్లీ నెత్తిన పెట్టుకుని ఇంటికి. పోయేదాకా అంతే. ఇవాళ కర్నల్‌ని చూసి చప్పట్లు కొడుతున్న ఈ ఊరే అప్పుడాయన్ని పిచ్చి జేబెజ్ అంది. పిల్లలు రాళ్లేశారు. అప్పటి పాదరీ పిలిచి చీవాట్లు పెట్టాడు. బంగళాలో ఉన్నవాడికి తిక్క ఉంటే ముచ్చట, వడ్రంగికి ఉంటే పిచ్చి!

హెస్టర్‌కి కర్నల్ మీద కడుపుమంట అక్కడ మొదలైన మాట నిజమే. అనుమానం మాత్రం వేరే సంగతి. నాన్న ఎన్నడూ తనని ఎవరు చూస్తున్నారో చూసుకోలేదు. కుర్చీ మోయడం ఆయనకి చొక్కా తొడుక్కోవడం లాంటిది. కర్నల్ అలా కాదు. ఆవుకి సెల్యూట్ కొట్టే ముందు ఆయన కళ్లు రోడ్డు ఈ చివర్నుంచి ఆ చివరికి ఒకసారి తిరిగొచ్చేవి. చూసేవాళ్లు లేని రోజున ఆవుకి సెల్యూట్ లేదు. పైగా ఆయన ఏ రెజిమెంట్‌లో కర్నలో, ఏ యుద్ధంలో పోరాడాడో, బంగళా కొనేంత డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఊళ్లో ఎవరికీ తెలీదు. అడిగితే కదా తెలిసేది! అడగడం మర్యాద కాదు.

వచ్చిన రెండో ఏడు వసంతంలో కర్నల్ మైదానం దారికి అడ్డంగా ఒక తెల్లగేటు పెట్టించాడు. గేటు పక్కన కొత్తగా కొన్న గాడిదని కట్టాడు. దాని పేరు గెర్ట్రూడ్. నెత్తిన చెవులకి కంతలు చేసిన గడ్డి టోపీ, మెడలో నీలం రిబ్బను. పక్కన బోర్డు: "సుంకం మనిషికి ఒక క్యారెట్టు. అనుమతి కోరి, చెల్లించి, సాగిపోవలెను. గెర్ట్రూడ్ గారి ఆజ్ఞ."

ఇక చూడండి సంబరం! రెండో ప్రపంచ యుద్ధం అయిపోయి ఇన్నేళ్లయినా చక్కెర రేషన్‌లోనే ఉంది, మాంసం రేషన్‌లోనే ఉంది, నవ్వుకోడానికి ఏమీ దొరకని రోజులు. క్యారెట్లు మాత్రం ప్రతి ఇంటి పెరట్లో బోలెడు. నదికి చేపలకి వెళ్లేవాళ్లూ, షికారుకి పోయే జంటలూ, అందరూ గేటు దగ్గర ఆగి, టోపీలు తీసి, "గెర్ట్రూడ్ గారూ, దయచేసి దారి ఇప్పిస్తారా?" అని వంగి అడిగి, క్యారెట్టు అందించి వెళ్లేవాళ్లు. పట్నం నుంచి పత్రికవాడొకడు వచ్చి ఫొటో తీసుకుపోయాడు. ఆ ఫొటో చూసి స్నెలింగ్ వాళ్లు కుళ్లి చచ్చారట.

హెస్టర్ మాత్రం గాడిదకేసి చూడకుండా గేటు తోసుకుని వెళ్లిపోయేది. గాడిద ఆశగా మెడ చాచి, ఆమె వెళ్లాక ఉసూరుమంటూ తల దించుకునేది.

ఆ దారి హెస్టర్‌కి షికారు దారి కాదు. నాన్న ఇంట్లో ఇప్పుడు చెల్లెలు లెట్టీ ఉంటోంది. లెట్టీకి పెళ్లి కాలేదు. కొన్నేళ్లుగా చూపు మెల్లగా మసకబారి చివరికి పూర్తిగా పోయింది. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో, మైదానం దారిలో ఏ మలుపు ఎక్కడొస్తుందో ఆమె కాళ్లకీ చేతులకీ తెలుసు. కర్ర తాటించుకుంటూ ఒక్కతే ఆదివారం చర్చికి వస్తుంది. వారంలో మిగతా రోజులు హెస్టరే వెళ్లి పొయ్యి రాజేసి, వండిపెట్టి వస్తుంది. ఆ దారి కాకపోతే లారీలు తిరిగే రోడ్డు మీద చుట్టూ తిరిగి నాలుగు మైళ్లు పోవాలి, బస్సు లేదు. సంక్షేమ శాఖ ఆవిడ అప్పటికే ఒకసారి వచ్చి, "రోజూ చూసేవాళ్లున్నంత కాలం ఫరవాలేదు. లేకపోతే పట్నంలో ఆశ్రమానికి పంపాల్సి ఉంటుంది" అని చెప్పి వెళ్లింది. ఆ మాట విన్న రోజున లెట్టీ నవ్వుతూనే ఉంది కానీ, రాత్రి హెస్టర్ వచ్చేస్తుంటే చెయ్యి వదల్లేదు.

"నువ్వు నిన్న కూడా గెర్ట్రూడ్‌కి ఏమీ పెట్టలేదటగా," అంది లెట్టీ ఒకరోజు, బంగాళాదుంపల తొక్క తీస్తూ.

"ఊళ్లో కబుర్లు నాకంటే నీకే ముందు తెలుస్తాయి."

"స్టబ్స్ భార్య చెప్పింది. 'మీ అక్క క్యారెట్టు ముక్కకి కూడా మొహం వాచిపోయిందా' అని అడిగింది. నాకు తల తీసేసినట్టయింది."

"నాన్న నడిచిన దారే అది. నేను గాడిదని బతిమాలాలా?"

"సరదాకే అక్కా. నీకు సరదా అంటే పడి చావదు. పుట్టినప్పుడు కూడా మంత్రసానిని అనుమానంగా చూసుంటావు."

"సరదాకైతే 'అనుమతి కోరి' అని ఎందుకు రాయడం? 'గాడిదకి ఆకలి' అని రాయొచ్చుగా?"

"అబ్బ, అదేగా తమాషా! ఆయన గొంతు వింటుంటే నాకు హాయిగా ఉంటుంది. నాన్న బతికొచ్చినట్టుంటుంది."

"నాన్న పేరెత్తకు," అంది హెస్టర్. "ఆ మనిషి ఒంట్లో నిజమైన తిక్క ఒక్క చుక్క లేదు. తన నెత్తిన కుచ్చుటోపీ పెట్టుకుని ఊరందరికీ పెడుతున్నాడు."

లెట్టీ పకపకా నవ్వింది. హెస్టర్ నవ్వలేదు.

అక్టోబరులో ఒక పొద్దున్న, మంచు ఇంకా విడవని వేళ, హెస్టర్ మైదానం కంచె పక్కన నడుస్తూ మాటలు విని ఆగింది. కంచె అవతల కర్నల్ ఉన్నాడు. నెత్తిన ఏమీ లేదు. ఊలు తొడుగు కోటు జేబులోంచి కుచ్చు వేలాడేసుకుని ఉంది. పక్కన నల్ల హ్యాటు పెట్టుకున్న పట్నం మనిషొకడు, ఇద్దరి మధ్యా కొత్తగా తవ్విన గొయ్యి. పట్నం మనిషి గుప్పెడు కంకర తీసి చేతిలో ఎగరేస్తూ, "సరుకు బ్రహ్మాండంగా ఉంది. కానీ మధ్యలో జనం తిరిగే దారుంటే మా కంపెనీ తవ్వకానికి ఒప్పుకోదు" అన్నాడు.

"దారి సంగతి నాకొదిలేయండి," అన్నాడు కర్నల్. గొంతులో ఊరందరికీ తెలిసిన ఆ సాగదీత లేదు, ఆ ఊగిసలాట లేదు. బ్యాంకు మేనేజరు గొంతులా ఉంది. "శీతాకాలం దాటేసరికి అక్కడ దారే ఉండదు."

హెస్టర్ కాలి కింద పుల్ల విరిగింది. కర్నల్ చటుక్కున తొడుగు తీసి నెత్తిన పెట్టుకుని, దగ్గర్లో మేస్తున్న ఆవు వైపు తిరిగి, "ఈసారి ఎన్నికల్లో తమరి ఓటు ఎవరికండీ?" అని అడిగాడు. కంచె మీదుగా హెస్టర్‌ని చూసి నవ్వి, వంగి నమస్కరించాడు. ఇన్నాళ్లూ తన అనుమానం అబద్ధమైతే బాగుండునని లోపల ఎక్కడో ఉండేదని ఆమెకి ఆ క్షణాన తెలిసింది.

నేరుగా స్టబ్స్ కొట్టుకి వెళ్లి చెప్పింది. స్టబ్స్ కత్తి పక్కన పెట్టి మరీ నవ్వాడు. "ఆయనా? హెస్టర్, ఆయనకి గడ్డికీ కంకరకీ తేడా తెలీదు, పాపం. నిన్న నా దగ్గరికొచ్చి పంది ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. పంది అప్పటికే కొక్కేనికి వేలాడుతోంది."

పాదరీ గారు అంత నవ్వలేదు, ఇబ్బంది పడ్డారు. "ఆయన్ని అడగమంటారా? ఒక పెద్దమనిషిని? మొహం మీదా?"

"మొహం మీద కాకపోతే వీపు మీద అడుగుతారా?"

"అది మన పద్ధతి కాదు మిసెస్ క్రాపర్," అన్నారాయన చాలా బాధగా.

నవంబరులో జిల్లా కౌన్సిల్ మనిషి వచ్చాడు. ఆ రోజుల్లో ఊరూరా కాలిదారులన్నీ చూసి, ఏది జనం దారో, ఏది సొంతదారులది మాత్రమేనో తేల్చి మ్యాపులో గీస్తున్నారు. వచ్చినాయన పేరు లాత్బరీ, జలుబు చేసిన సన్నటి మనిషి. ఊరి హాల్లో బల్ల వేసుకుని కూర్చుని, ముక్కు తుడుచుకుంటూ నియమం చెప్పాడు.

"ఒక దారిలో జనం ఎవర్నీ అడక్కుండా ఇరవై ఏళ్లు నడిచుంటే అది జనం దారి. ఇక దాన్నెవరూ మూయలేరు. అలా కాక, సొంతదారుని అనుమతి అడిగి నడిచుంటే అది ఆయన దారి. ఇష్టమైన రోజున మూసుకోవచ్చు."

అనుమతి అన్న మాట వినగానే హెస్టర్‌కి బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే కళ్లముందు నిలబడ్డాయి. పక్కన లెట్టీ కర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. హాలంతా నిండి ఉంది.

అప్పుడు కర్నల్ లోపలికొచ్చాడు. బూడిదరంగు సూటు, టై, నున్నగా దువ్విన తల. నెత్తిన ఏమీ లేదు. జనానికి గుర్తుపట్టడానికే కాసేపు పట్టింది. "ఒంట్లో బాలేదేమో పాపం," అని స్టబ్స్ భార్య గుసగుసలాడింది.

"ఈ దారి నాది," అన్నాడు కర్నల్, నిలబడి, కాగితం చూడకుండా. "డాంట్సీ దొరసాని హయాంలో ఆవిడ దయతో నడిచారు. ఇప్పుడు నా అనుమతితో నడుస్తున్నారు. గేటు దగ్గర బోర్డు ఉంది. ప్రతి ఒక్కరూ ఆగి, అనుమతి కోరి, సుంకం చెల్లించే వెళుతున్నారు. ఒక్కరు కూడా ఇదేమిటని అడగలేదు. తమ దారి కాదని తెలుసు కాబట్టే కదా!"

లాత్బరీ తల ఎత్తాడు. "నిజమేనా? సుంకం ఇచ్చారా?"

కుర్చీలు కిర్రుమన్నాయి. "ఇచ్చామండి," అన్నాడు స్టబ్స్ చివరికి. "క్యారెట్టు."

"అనుమతి అడిగారా?"

"అడిగామండి… గాడిదని."

వెనక ఎవరో కిసుక్కున నవ్వబోయి మింగేశారు. కర్నల్ మొహంలో నవ్వు లేదు. ఇన్నాళ్లూ తాము ఆడిన ఆటలో ఆయన ఆడలేదని ఊరికి అప్పుడప్పుడే అర్థమవుతోంది.

హెస్టర్ లేచింది. "నేను అడగలేదండీ. ఒక్కనాడు కూడా అడగలేదు, ఒక్క క్యారెట్టు ఇవ్వలేదు. మా నాన్న జీవితమంతా ఆ దారిలో నడిచాడు, ఆయనా ఎవర్నీ అడగలేదు. నేనే సాక్షిని."

కర్నల్ ఆమె వైపు జాలిగా చూశాడు. "మిసెస్ క్రాపర్ సుంకం కూడా ముట్టిందండీ. ప్రతి ఆదివారం ఆవిడ చెల్లెలు రెండు క్యారెట్లు ఇస్తారు. ఒకటి తనది. రెండోది 'మా అక్క తరఫున' అని పైకే చెప్పి ఇస్తారు. నేను చెవులారా విన్నాను."

హెస్టర్ చెల్లెలి వైపు తిరిగింది. "లెట్టీ?"

లెట్టీ మొహం కందగడ్డలా అయింది. "అవునక్కా."

ఊరంతా తనని పిసినారి అన్నా, పెడసరం మనిషి అన్నా హెస్టర్ పట్టించుకోలేదు. ఇది మాత్రం తట్టుకోలేకపోయింది. అందరిలోకీ తను నమ్మిన మనిషి ఒక్కతే, అదీ ఈ పిల్లే. లాత్బరీ కలం కాగితం మీద ఆనించాడు. ఇంకొక్క మాట రాస్తే దారి పోతుంది. దారి పోతే లెట్టీ పట్నంలో, తెలియని గోడలు తడుముకుంటూ, ఏ మంచం తనదో ఎవరినో అడుగుతూ… ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి ఆమెకి. కోపమే గెలిచింది.

"అయ్యా, రాసే ముందు ఒక్కటి అడగండి," అంది. "ఆ క్యారెట్లు ఎందుకిచ్చారో వీళ్లని అడగండి. ఉన్నమాట ఆయన మొహం మీద చెప్పమనండి!"

"న్యాయమే," అన్నాడు లాత్బరీ. "ఎందుకిచ్చారు?"

ఎవరూ లేవలేదు. జవాబు అందరికీ తెలుసు, అందరి నాలిక చివరా ఉంది. చెబితే దారి దక్కుతుంది, మర్యాద పోతుంది. పాదరీ గారు పైకప్పుని పరిశీలిస్తున్నారు. స్టబ్స్ తన బూట్లని మొదటిసారి చూస్తున్నట్టు చూస్తున్నాడు. పోస్టాఫీసు ఆవిడ, టీ కాచే డబ్బా దగ్గరికి వెళ్లి, ఎవరికైనా టీ కావాలా అని చిన్నగా అడిగింది. హెస్టర్ ఒక్కొక్కరి మొహమే చూసింది. వీళ్లు చెప్పరు. ఊరు మునిగిపోతున్నా, ముందు మీరు ఎక్కండంటే మీరు ఎక్కండంటూ పడవ పక్కనే నిలబడి ఉంటారు.

కర్ర చప్పుడైంది. లెట్టీ లేచి నిలబడింది.

"కర్నల్ గారూ, మీరెటు ఉన్నారు? ఒక మాట మాట్లాడండి, అటు తిరుగుతాను."

"ఇక్కడున్నాను మేడమ్."

"మీకు మతి చలించిందనుకున్నానండీ."

లాత్బరీ కలం కాగితం మీంచి ఎత్తాడు.

"అందుకే ఇచ్చాను," అంది లెట్టీ. "మతిలేని మనిషి కోరిక కాదంటే నొచ్చుకుంటాడని ఇచ్చాను. మీరంటే ఇష్టం కొద్దీ ఇచ్చాను. మా అక్క ఇవ్వనంటే ఆవిడది కూడా నేనే ఇచ్చాను, ఊళ్లో నలుగురూ దాన్ని ఆడిపోసుకుంటుంటే సిగ్గేసి. అంతేగానీ మా నాన్న దారిలో నడవడానికి మిమ్మల్ని అనుమతి అడిగానని మీరెలా అనుకున్నారండీ?"

ఆమె కూర్చోలేదు. అలాగే నిలబడింది. చూపు లేని మనిషి అలా నిలబడి ఉంటే చూపున్నవాళ్లకి కూర్చోవడం కష్టమైంది. స్టబ్స్ లేచాడు.

"నేనూ అంతేనండీ. క్షమించాలి. మీకు ఒక మర లూజనుకున్నాను."

"నేనూ," అంది అతని భార్య. "పాపం, యుద్ధంలో తలకి దెబ్బ తగిలిందేమో అనుకున్నాను."

"నేనూ అంతే."

"నేనూ, ఏమీ అనుకోకండి."

అందరూ పాదరీ గారి వైపు చూశారు. ఆయన లేచి, కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. "పాదరీగా నేను ఎవరి గురించీ అలా… అంటే, నా ఉద్దేశం… అవునండీ. పూర్తిగా పోయిందనే అనుకున్నాను."

కర్నల్ మొహం ఎర్రబడుతూ వచ్చి అక్కడికి భగ్గుమంది. "నాకు పిచ్చా? ఎవరికి పిచ్చి? ఆ బోర్డులో ప్రతి మాటా లాయర్ని అడిగి రాయించాను! గాడిదని కొన్నది కూడా లెక్కేసుకునే కొన్నాను!"

అన్నాక గానీ తనేం అన్నాడో ఆయనకి తెలీలేదు. చటుక్కున కూర్చున్నాడు. చెయ్యి అలవాటు కొద్దీ తల మీదికి వెళ్లి, అక్కడేమీ లేక, మళ్లీ కిందికి వచ్చింది.

లాత్బరీ ముక్కు తుడుచుకున్నాడు. "సరే. నిజంగా అనుమతి అడుగుతున్నామనుకుని అడిగినవాళ్లు ఎవరూ లేరన్నమాట. ఇక, అంతకు ముందు ఇరవై ఏళ్లు జనం ఆ దారిలో నడిచినట్టు ఎవరికైనా గుర్తుందా?"

"జేబెజ్ నడిచేవాడండీ," అన్నాడు స్టబ్స్. "నెత్తిన కుర్చీతో. పోయి పదేళ్లు కాలేదు. ప్రతి ఆదివారం, నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ."

"అనుమతి అడిగేవాడా?"

"జేబెజా? దేవుణ్ణి కూడా అడిగే రకం కాదండీ ఆయన."

ఈసారి నవ్వారు. ముసలివాళ్లందరూ ఒక్కసారే మాట్లాడడం మొదలెట్టారు. ఆ దారిలో ఇంకా ఎవరెవరు నడిచారో ఒక్కరికీ సరిగ్గా గుర్తులేదు. కుర్చీ మోసినవాణ్ణి మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

"సరిగ్గా ఆ దారేనని ఎలా చెప్పగలరు?" అన్నాడు లాత్బరీ.

స్టబ్స్ మెడ దాకా ఎర్రబడ్డాడు. హెస్టర్ వైపు చూడలేదు. "చిన్నప్పుడు నేను ఆయన మీద రాయి వేశానండీ. ఇప్పుడు గేటు ఉందే, అక్కడి పొద చాటునే నక్కేవాళ్లం."

లాత్బరీ అది రాసుకున్నాడు. మ్యాపు ముందుకి లాక్కుని, బంగళా నుంచి నది దాకా జనం దారి గుర్తుగా నిదానంగా గీత గీశాడు.

ఆ సాయంత్రం అక్కాచెల్లెళ్లు ఆ దారినే ఇంటికి నడిచారు. హెస్టర్ చెల్లెలి చెయ్యి పట్టుకుంది కానీ గబగబా అడుగులేస్తోంది.

"కోపంగా ఉన్నావా?" అంది లెట్టీ.

"నా గురించి సిగ్గుపడ్డావు."

"పడ్డాను." లెట్టీ కర్రకి తగిలిన రాయిని పక్కకి నెట్టింది. "నాన్న గురించీ పడ్డాను. చిన్నప్పుడు ఆయన కుర్చీతో పోతుంటే నేను చాలా వెనక నడిచేదాన్ని, ఆయన కూతుర్ని కానట్టు. నువ్వు పక్కనే నడిచేదానివి. రాళ్లు నీకూ తగిలేవి. నేను చూస్తూ ఉండేదాన్ని."

హెస్టర్ ఆమె చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

కర్నల్ ఊరొదిలి పోతాడని హెస్టర్ అనుకుంది. వారం తిరక్కుండా జరిగింది వేరు. పాదరీ గారి భార్య దాచుకున్న రేషన్ చక్కెరతో కేకు చేసి బంగళాకి పట్టుకెళ్లి, ఆ రోజు హాల్లో అంత మాట అన్నందుకు క్షమాపణ చెప్పొచ్చింది. స్టబ్స్ సాసేజీలు పంపాడు. ఆ శనివారం కర్నల్ ఊలు తొడుగు నెత్తిన పెట్టుకుని బజారుకొచ్చి ఆవుకి సెల్యూట్ కొట్టాడు. ఊరు హమ్మయ్య అనుకుంది.

"ఆయన నోటితో ఆయనే ఒప్పుకున్నాడు కదయ్యా!" అని హెస్టర్ కొట్లో నిలబడి అరిచింది.

"ఒప్పుకున్నాడనుకో," అన్నాడు స్టబ్స్. "కానీ హెస్టర్, గాడిద మెడలో రిబ్బను కట్టడానికి లాయర్ని సంప్రదించాడంటే, అదెంత తిక్కో నువ్వే ఆలోచించు!"

హెస్టర్ ఇంటికి పోయి, కుడుతున్న పాదరీ గారి ప్యాంటు కాలు తిరగేసి కుట్టింది. మళ్లీ విప్పాల్సొచ్చింది.

ఆదివారం పొద్దున్న, చెల్లెల్ని చర్చికి తీసుకెళ్దామని ఆమె మిల్లు ఇంటికి వెళ్లేసరికి, లెట్టీ అటక కింద మూల నుంచి నాన్న కుర్చీ బయటికి లాగి, దుమ్ము తుడిచి, గుమ్మంలో పెట్టుకుని ఉంది.

"ఇదెందుకు ఇప్పుడు?"

"చర్చి బెంచీలు ఇంకా అవేగా," అంది లెట్టీ. "నువ్వెత్తుకో. నేను కాలు పట్టుకుంటాను."

"ఊళ్లో నలుగురూ చూస్తారే."

"నాకు కనబడరుగా."

హెస్టర్ కుర్చీ నెత్తినెత్తుకుంది. లెట్టీ కర్ర చంకలో పెట్టుకుని కుర్చీ కాలు పట్టుకుంది. ఇద్దరూ పక్కపక్కనే మైదానం దారిలో నడిచారు. బంగళా కిటికీలో తెర కదిలినట్టు అనిపించింది. హెస్టర్ అటు చూడలేదు. తెల్లగేటు దగ్గర బోర్డు తీసేశారు. గెర్ట్రూడ్ టోపీ లేకుండా, బోడితలతో, మెడ చాచి నిలబడి ఉంది. లెట్టీ జేబులోంచి క్యారెట్టు తీసి అందించింది. ఒక్కటే.

"రెండోది తేలేదా?" అంది హెస్టర్.

"నీది నువ్వే ఇచ్చుకో."

హెస్టర్ కుర్చీ కింద పెట్టింది. అటూ ఇటూ చూసింది. దారిలో ఎవరూ లేరు. కిటికీలోనూ ఎవరూ లేరు. ఇంకొకసారి చూసి, ఎవరూ లేరని నమ్మకం కుదిరాక, కోటు లోపలి జేబులోంచి, తొక్క తీసి గుడ్డలో చుట్టి తెచ్చిన క్యారెట్టు తీసి గాడిదకి పెట్టింది.